మూకీ సినిమాకు లైవ్ సంగీతంతో షో వేయడం ఎలా?

మూకీల కాలంలో సినిమా హాలు మూగగా ఉన్న రోజులు తక్కువే. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి వేసిన తొలి షోకే పియానో తోడుందంటారు. మన దగ్గర తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. సీన్ల మధ్య తెర మీద పడే టైటిల్ కార్డుల్లో రాసింది చదవలేని ప్రేక్షకుల కోసం ఒక మనిషి గొంతెత్తి చదివేవాడు. 1932లో ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో మాట్లాడేదాకా మనవాళ్లు చూసిన సినిమాలు చాలావరకు ఇలాంటివే.

అలాంటి షో ఒకటి ఇప్పుడు మీ కాలనీ కమ్యూనిటీ హాల్లోనో, కాలేజీ సెమినార్ హాల్లోనో, డాబా మీదో వేయొచ్చు. ఒక ప్రొజెక్టరు, తెల్లటి తెర, ఇద్దరు ముగ్గురు వాద్యకారులు, అరగంట లోపు సినిమా ఒకటి ఉంటే చాలు. సామాను సమకూర్చుకోవడం పెద్ద పనేం కాదు. ఇలాంటి షోలు దెబ్బతినేది సంగీతం దగ్గరే. అదీ వాయించడం రాక కాదు, మరీ ఎక్కువ వాయించడం వల్ల. కచేరీలో పక్కవాద్యం ఎలా నడుస్తుందో మీకు తెలుసు కదా, ఇక్కడ ప్రధాన గాయకుడు తెర. గాయకుడు ఊపిరి తీసుకునే చోట వయొలిన్ ఆయన్ని తోసుకుని ముందుకు పోదు. మీ వాద్యకారులకు ఈ ఒక్కటి ఒంటబడితే మిగతావన్నీ సర్దుకుంటాయి.

ముందు సినిమా ఖాయం చేసుకోండి

మొదటి షోకు నా సలహా అమెరికా హాస్యనటుడు బస్టర్ కీటన్ తీసిన ‘వన్ వీక్’. 1920లో వచ్చింది, రెండు రీళ్ల సినిమా, ఇరవై నిమిషాల పైచిలుకు నడుస్తుంది. కొత్తగా పెళ్లయిన జంటకు పెట్టెల్లో ప్యాక్ చేసిన ఇల్లు కానుకగా వస్తుంది. నంబర్ల ప్రకారం ముక్కలు బిగించుకుంటే ఇల్లు తయారవుతుంది. పిల్ల తనకు దక్కలేదన్న కసితో ఒకడు ఆ నంబర్లు మార్చేస్తాడు. ఇక తయారైన ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సొంతిల్లు కట్టుకున్న ప్రతి మధ్యతరగతి మనిషికీ ఇది తన కథే అనిపిస్తుంది. టైటిల్ కార్డులు తక్కువ, కాబట్టి భాష అడ్డు రాదు. పిల్లలు కూడా కదలకుండా చూస్తారు.

మనదే చూపించాలనుకుంటే ఫాల్కే తీసిన ‘కాళీయ మర్దన్’ (1919) మంచిది. ఆయన కూతురు మందాకిని కృష్ణుడిగా వేసింది. కథ మొదలయ్యే ముందు ఆ చిన్నపిల్ల మామూలు వేషంలో కెమెరా ఎదుట రకరకాల హావభావాలు చూపిస్తుంది, ఆ తర్వాతే కృష్ణుడవుతుంది. ‘రాజా హరిశ్చంద్ర’ (1913) పూర్తిగా దొరకదు, మిగిలింది కొంత భాగమే. అందుకని దాన్ని అసలు సినిమాకు ముందు వేసే ముక్కగా వాడుకోండి. రఘుపతి వెంకయ్య నాయుడుగారి అబ్బాయి ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ వేయమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దాని ప్రింటు మిగల్లేదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే చేతికి మిగిలినవి బహు కొద్ది.

మొదటి షోకే ‘మెట్రోపొలిస్’ జోలికి పోకండి. గొప్ప సినిమానే, కానీ రెండున్నర గంటలు ఆపకుండా వాయించడమంటే అనుభవజ్ఞులకే చేతులు పడిపోతాయి.

హక్కుల సంగతి

మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మూకీలన్నిటికీ ఆ గడువు ఎప్పుడో దాటింది. అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. అక్కడ ఆ కాలపు సినిమాలకు 95 ఏళ్లు, ఆ లెక్కన 1920 నాటి ‘వన్ వీక్’కు ఇబ్బంది లేదు.

సినిమా స్వేచ్ఛగా దొరుకుతోంది కదా అని దానితో వచ్చే సంగీతం కూడా స్వేచ్ఛే అనుకోకండి. స్వరకర్త పోయాక మరో 60 ఏళ్లు సంగీతానికి హక్కులుంటాయి. చాప్లిన్ 1977లో పోయారు. తన పాత మూకీలకు ఆయన తర్వాతి రోజుల్లో కట్టిన సంగీతం ఇంకా హక్కుల కిందే ఉంది. కొత్తగా బాగుచేసి విడుదల చేసిన డిస్కులకు వాటి షరతులు వాటికుంటాయి. మీరు ఎలాగూ సౌండ్ ఆపేసి సొంతంగా వాయిస్తారు కాబట్టి పాత ప్రింటు నుంచి వచ్చిన కాపీ తీసుకుంటే తలనొప్పి ఉండదు. పాత సినిమాలు ఉచితంగా ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ‘వన్ వీక్’ దొరుకుతుంది. రెండు మూడు కాపీలు దించుకుని ఏది స్పష్టంగా ఉందో పోల్చి చూసుకోండి. షో రోజు నేరుగా యూట్యూబ్ నుంచి వేయడం మాత్రం వద్దు. నెట్ ఎప్పుడు తిరుగుతూ కూర్చుంటుందో ఎవరికీ తెలియదు, సరిగ్గా చివర్లో రైలు వచ్చే సీన్లో యాడ్ పడితే ఇక చెప్పేదేముంది.

మన దేశంలో బయటివాళ్లందరినీ పిలిచి వేసే బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ నిబంధన ఉంది. ఫిల్మ్ ఫెస్టివల్స్ వాళ్లు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకునేది అందుకే. మొదటి షోను మీ సంఘం సభ్యులకే పరిమితం చేసుకోండి. ఊళ్లో ఫిల్మ్ సొసైటీ ఉంటే వాళ్లతో కలిసి వేయండి, ఈ కాగితాల సంగతి వాళ్లకు అలవాటే.

స్పీడు సరిచూడండి

మూకీల్లో మనుషులు టకటకా పరిగెత్తుతారని చాలామంది అనుకుంటారు. ఆ తప్పు సినిమాది కాదు. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు, తర్వాత్తర్వాత ఇంకొంచెం ఎక్కువ తీసేవారు. టాకీలొచ్చాక 24 ఫ్రేములు స్థిరపడింది. 16తో తీసినదాన్ని 24తో వేస్తే మనుషులు పరిగెత్తక ఏం చేస్తారు? వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు 16 ఫ్రేముల లెక్కన 16 నిమిషాల 40 సెకన్లు నడుస్తుంది, 24 లెక్కన 11 నిమిషాలకే అయిపోతుంది.

కాబట్టి ఫైలు దించుకోగానే ఒక మనిషి మామూలుగా నడిచే సీను చూడండి. కాలు నేల మీద ఆనుతున్నట్టుందా, జారిపోతున్నట్టుందా? జారిపోతుంటే వీఎల్‌సీ ప్లేయర్లో స్పీడు కొంచెం కొంచెంగా తగ్గించండి. కీబోర్డు మీద స్క్వేర్ బ్రాకెట్ కీలు రెండూ ఆ పని చేస్తాయి, నొక్కిన ప్రతిసారీ పదో వంతు మారుతుంది. కామెడీలను మాత్రం మరీ నెమ్మది చేయకండి. కాస్త చురుగ్గా కదలాలనే వాళ్లు అలా తీశారు. కీటన్ మామూలు మనిషిలా నడిస్తే నవ్వు సగం చచ్చిపోతుంది. ఫాల్కే సినిమాలకు నెమ్మది నప్పుతుంది. స్పీడు ఎంత అని తేల్చుకున్నాక కాగితం మీద రాసుకుని రిహార్సల్ నుంచి షో దాకా అదే ఉంచండి. మధ్యలో మార్చారా, మీ వాద్యకారుడు కట్టుకున్నదంతా గాలికి పోతుంది.

ఇంకొకటి, ఈ సినిమాల ఫ్రేము 4:3. ప్రొజెక్టరు దాన్ని వెడల్పు తెరకు సాగదీస్తే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పక్కల నల్లగా ఉంటే ఉండనివ్వండి.

ఎవరితో వాయించాలి

పేరున్న విద్వాంసులే కావాలనేం లేదు. అప్పటికప్పుడు మార్చుకుని వాయించగలిగిన వాళ్లు కావాలి. నా లెక్కలో ఈ పనికి బాగా పనికొచ్చేవాళ్లు మూడు రకాలు. చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లు, ఎందుకంటే పాస్టరుగారు ప్రార్థన ఎంతసేపు పొడిగిస్తే అంతసేపు కింద మెత్తగా నడపడం వాళ్లకు రోజూ ఉండే పనే. పద్యనాటకాలకు హార్మోనియం పట్టినవాళ్లు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే కుర్రాళ్లు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు కూడా బాగా వాయిస్తారు. కాకపోతే రాగం అందుకున్నాక మధ్యలో తెగ్గొట్టాలంటే వాళ్లకు మనసొప్పదు, ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

ఇద్దరైతే కీబోర్డు లేదా హార్మోనియం ఒకటి, తాళవాద్యం ఒకటి. మూడో మనిషి ఉంటే వయొలిన్ కానీ ఫ్లూట్ కానీ. నలుగురైతే ఎవరు ఎవర్ని చూడాలో తెలియక తెరను వదిలేసి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఎంతమంది ఉన్నా మొదలుపెట్టడానికి, ఆపడానికి సైగ ఒక్కరే చేయాలి. ఆ ఒక్కరు తాళవాద్యం మనిషైతే మేలు.

క్యూ షీట్ రాసుకోవడం

క్యూ షీట్ అంటే తెర మీద ఏది వచ్చినప్పుడు ఏం వాయించాలో రాసుకున్న కాగితం. అసలు పని ఇదే, దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. ముందు సినిమాను అందరూ కలిసి ఏమీ వాయించకుండా చూడాలి. రెండోసారి పెన్ను పట్టుకుని చూడాలి. తెర మీద ఏం కనబడితే మీరు మారాలో, అది ఎన్నో నిమిషం దగ్గర వస్తుందో రాసుకోవాలి. నిమిషాలు దారి తెలియడానికే. సైగ మాత్రం బొమ్మ నుంచే రావాలి, గడియారం నుంచి కాదు.

‘వన్ వీక్’లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. కథ వారం రోజులు నడుస్తుంది, రోజు మారినప్పుడల్లా క్యాలెండర్ కాగితం చిరుగుతుంది. ఆ కాగితానికి నాలుగైదు స్వరాల చిన్న బిట్ ఒకటి కట్టుకోండి. ప్రతిసారీ అదే బిట్, అదే శ్రుతి. మూడో రోజుకల్లా ప్రేక్షకులు దాన్ని గుర్తుపడతారు. శుక్రవారం 13వ తేదీ (పాశ్చాత్యులకు అచ్చిరాని రోజు) కాగితం వచ్చినప్పుడు ఆ బిట్‌లో చివరి స్వరం ఒక్కటి అపస్వరంగా వేయండి చాలు, హాల్లో నవ్వు వస్తుంది.

ఆ కొత్తింట్లోకి పార్టీకి చుట్టాలొస్తారు, ఇంతలో గాలివాన. ఇల్లు బొంగరంలా తిరగడం మొదలవుతుంది. ఇక్కడ ఉన్నదంతా ఒకేసారి దంచేయాలనిపిస్తుంది. ఆగండి. ఆ తిరుగుడు కాసేపు సాగుతుంది, మొదటి చుట్టుకే గరిష్ఠానికి పోతే ఆ తర్వాత పోవడానికి చోటుండదు. తిస్రగతిలో, అంటే మూడేసి దెబ్బల నడకలో, మెల్లగా మొదలుపెట్టి చుట్టు చుట్టుకూ కొంచెం వేగం పెంచండి. ముందు మృదంగమో ప్యాడ్సో ఒక్కటే, కీబోర్డు తర్వాత చేరాలి. గుమ్మంలోంచి మనుషులు బయటికి ఎగిరిపడుతుంటారు. పడిన ప్రతివాడికీ ఒక దెబ్బ వేయకండి. ఇద్దరికి వేసి మూడోవాడిని వదిలేయండి, నాలుగోవాడికి అది ఇంకా బాగా పండుతుంది.

చివర్లో తెలుస్తుంది, ఇల్లు కట్టింది వేరే స్థలంలో అని. రైలు పట్టాలకు అవతలున్న స్థలానికి దాన్ని లాక్కుపోతుంటే ఇల్లు సరిగ్గా పట్టాల మధ్యలో ఇరుక్కుంటుంది. దూరంగా రైలు. జంట ఆశ వదిలేసుకుని నిలబడుతుంది. రైలు వచ్చేస్తుంది... పక్క ట్రాక్ మీద నుంచి వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకుంటుండగానే ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కుతుక్కు చేస్తుంది.

ఈ ఒక్క నిమిషమే మీ షోకు ప్రాణం. రెండో రైలు సంగతి మీకు తెలుసు, హాల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. మీ చేతుల్లో ఆ తెలిసినతనం కనబడకూడదు. మొదటి రైలుకు తాళం పెంచుకుంటూ పోండి, అది పక్కనుంచి పోగానే వదిలేయండి. ఆ తర్వాత సినిమా మొదట్లో ఆ జంటకు వాయించిన మెత్తటి వరసను తిరిగి అందుకోండి, అంతా చక్కబడినట్టే. ఆ వరసను సగం పాదంలో రెండో రైలు తెగ్గొట్టాలి. ఒక దెబ్బ, ఆపైన మూడు నాలుగు సెకన్లు ఏమీ వాయించకండి. ఆ టైమ్ ప్రేక్షకుల నవ్వుకు. నవ్వు మీద వాయించింది ఎవరికీ వినపడదు, పైగా నవ్వును తుంచేస్తుంది. ఈ చోటును ఒక్కదాన్నే పదిసార్లయినా రిహార్సల్ చేయండి.

‘కాళీయ మర్దన్’ వేస్తుంటే అలాంటి టెంప్టేషన్ ఒకటుంది. పాము కనబడగానే చేతులు వాటంతటవే పాములవాడి పాటలా వినిపించే పున్నాగవరాళి రాగానికి పోతాయి. దాన్ని కృష్ణుడు పడగల మీదికి ఎక్కేదాకా దాచిపెట్టుకోండి. నీళ్లలో పోరాటం నడిచినంతసేపూ తాళవాద్యం ఒక్కటే చాలు, కావాలంటే నోటి దగ్గర పెట్టుకుని మీటే మోర్సింగ్ తోడు పెట్టుకోండి. ‘హరిశ్చంద్ర’ ముక్క వేసేటప్పుడు నాటకంలోని కాటిసీను పద్యం ఎత్తుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పద్యం ఎత్తారంటే జనం తెర వైపు చూడడం మానేసి గాయకుడికి చప్పట్లు కొడతారు.

సినిమా పాటల సంగతీ ఇంతే. పెళ్లి సీనుకు అందరికీ తెలిసిన హిట్ సాంగ్ వాయిస్తే హాలంతా హుషారెక్కుతుంది, నిజమే. కానీ ఆ క్షణం నుంచి వాళ్లు చూసేది కీటన్‌ను కాదు, ఆ పాటలోని హీరోను. దానికి తోడు బహిరంగంగా వాయించాలంటే లైసెన్సు గొడవ ఒకటి. మనసు లాగితే జానపద వరసలు వాడుకోండి, లేదా త్యాగరాజస్వామి కృతుల్లోంచి ఒక చరణం ఎత్తుగడ తీసుకోండి. ఆయన 1847లో సమాధి అయ్యారు, ఎవరూ అడగరు. అమెరికా కామెడీకి కదనకుతూహలం రాగం బ్రహ్మాండంగా అతుకుతుంది.

హాలు, తెర, వైర్లు

వాద్యకారులను తెరకు ఒక పక్కన కూర్చోబెట్టండి, ప్రేక్షకులకు అడ్డం రాకుండా, వాళ్లకు మాత్రం తెర మెడ తిప్పకుండా కనబడేలా. అది కుదరకపోతే వాళ్ల ముందు చిన్న మానిటర్ పెట్టి ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో రెండు వైర్లు తీయండి. వైర్‌లెస్ కాస్టింగ్ వద్దు. మానిటర్‌లో బొమ్మ అర సెకను వెనకబడినా దెబ్బలన్నీ ఆలస్యంగా పడతాయి, జనం తప్పు వాద్యకారుడి మీద వేస్తారు.

నోట్స్ చూసుకోవడానికి క్లిప్ లైట్లు ఇవ్వండి, వాటికి నారింజ రంగు సెలోఫేన్ కాగితం చుట్టండి. తెల్లటి ఎల్ఈడీ వెలుగు తెర మీద పడితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. కిటికీలకు పరదాలు కావాలి, లేదంటే పొద్దుపోయాక షో పెట్టుకోవాలి. డాబా మీదైతే పక్కింటి వీధిదీపం సంగతి ముందురోజు రాత్రే చూసి రండి.

యాభై అరవై మంది పట్టే హాలుకు మృదంగానికి, హార్మోనియంకు మైకులు అక్కర్లేదు. కీబోర్డుకు ఒక ఆంప్లిఫయర్ చాలు, అది తెర ఉన్న వైపు నుంచే వినపడాలి. హాలు వెనక గోడకు బిగించిన స్పీకర్లలోంచి వస్తే సినిమా ఒక పక్క, సంగీతం ఒక పక్క అన్నట్టుంటుంది. కరెంటు పోతే తెర, కీబోర్డు రెండూ ఆగిపోతాయి, మృదంగం ఆగదు. జనరేటర్ అందుకునేదాకా చీకట్లో తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే) వాయించమని ముందే చెప్పి ఉంచండి.

ల్యాప్‌టాప్‌లో సౌండ్ మ్యూట్ చేయండి, నోటిఫికేషన్లు ఆపండి, స్లీప్ మోడ్ తీసేయండి. ఫైలు ఇంకో పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి.

టైటిల్ కార్డులు

ఇంగ్లీషు కార్డులకు కింద తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టొచ్చు. కానీ నాకు పాత పద్ధతే ఇష్టం, గొంతున్న ఒకరిని పెట్టి చదివించండి. కార్డు తెర మీదుండే కొద్ది సెకన్లలో అయిపోయేలా ఒక్క వాక్యం తెలుగులో రాసుకోవాలి. ఉన్నదున్నట్టు అనువదించకుండా మీ ఊళ్లో అనే మాటలో రాయండి. చదివేవాళ్లు జోకులు చేర్చకూడదు. ఒకటి పేలిందంటే రెండోది ఆపలేరు, ఇక షో వాళ్లదైపోతుంది. గొంతు లేచినప్పుడు వాద్యాలు తగ్గాలి, ఇది కూడా క్యూ షీట్‌లో ఉండాలి.

షో రోజు

రెండు గంటల ముందు వైర్లన్నీ బిగించి సినిమా మొత్తం ఒకసారి వాయించి చూసుకోండి. అది అసలు హాల్లో, అసలు తెర మీదే జరగాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కుదిరిన వాల్యూమ్ హాల్లో కుదరదు, జనం నిండాక ఇంకోలా ఉంటుంది.

జనం వచ్చాక అయిదు నిమిషాలు మాట్లాడండి, అంతకు మించి వద్దు. సినిమా ఎప్పటిదో, వాయిస్తున్నది ఎవరో చెప్పండి. గట్టిగా నవ్వొచ్చనీ, పిల్లలు ఏదైనా అడిగితే నోరు మూయించక్కర్లేదనీ చెప్పండి. మనవాళ్లు లైవ్ సంగీతం అనగానే కచేరీ మర్యాదలో బిగుసుకుపోతారు. కథ చెప్పేయకండి, ముఖ్యంగా రైళ్ల సంగతి. సినిమా అయ్యాక ఆఖరి స్వరం పూర్తిగా ఆగేదాకా లైట్లు వేయొద్దని స్విచ్‌బోర్డు దగ్గర ఒకరికి అప్పజెప్పండి.

ఆ తర్వాత వాద్యాలు ముందుకు తెచ్చి పిల్లలను ముట్టుకోనివ్వండి. రైలు సీను ఒక్కటి సంగీతం లేకుండా, వెంటనే సంగీతంతో వేసి చూపించండి. జనానికి అన్నిటికంటే గుర్తుండేది ఇదే కావచ్చు.

వాద్యకారులకు డబ్బు షోకు ఒక్కదానికే లెక్కగట్టకండి. రిహార్సల్ రోజులు, క్యూ షీట్ రాసిన గంటలు కూడా కలిపి ముందే మాట్లాడుకుని ఆ రాత్రే ఇచ్చేయండి. క్యూ షీట్ ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, స్పీడు ఎంత పెట్టారో పైన రాసి. మళ్లీ వేసేటప్పుడు పని సగానికి తగ్గుతుంది.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే ఫ్రీమాంట్‌లోనే నైల్స్ అనే చోట ఎసానే అనే పాత సినిమా కంపెనీ పేరు మీద మూకీ మ్యూజియం ఉంది. చాప్లిన్ 1915లో పనిచేసిన ఊరది. అక్కడి పాత చిన్న థియేటర్లో పియానోతో మూకీలు వేస్తారు. షో మొదలుపెట్టే ముందు ఒకసారి వెళ్లి కూర్చోండి, తెరను కాసేపు మరిచిపోయి పియానో వాయించే మనిషి కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి.